గళ్ళలో గీసిన అందం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, "పాత వీడియో గేముల బొమ్మల గురించి రాస్తాను" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "చదువు గురించో, పోటీ పరీక్షల గురించో రాస్తావనుకున్నాం అన్నా" అన్నారు చివరికి. ఆ సంగతులు రాసే పెద్దలు ఈ సంచికలో చాలామందే ఉంటారు. నేను మాత్రం పోయినసారి పూర్వ విద్యార్థుల కలయికకు వచ్చినప్పుడు మన హాస్టల్ వరండాలో జరిగిన ఒక వాదనకు జవాబు బాకీ పడ్డాను. అది ఇప్పుడు తీర్చుకుంటున్నాను.

ఆ రోజు నా ఫోనులో ఉన్న పదహారు బిట్ల పాత ఆటలు నలుగురు తమ్ముళ్ళకు చూపించాను. తొమ్మిదో తరగతి తమ్ముడు "ఇవేం బొమ్మలన్నా, అన్నీ గళ్ళు గళ్ళుగా ఉన్నాయి" అని నవ్వాడు. ఇంకొకడు డాంకీ కాంగ్ కోతిని చూసి "ఇదొక్కటే బాగుంది, నిజం కోతిలా ఉంది" అన్నాడు. మూడోవాడు మన గోడపత్రికకు బొమ్మలు వేసేవాడు. వాడు నవ్వలేదు. "ఇలాంటివి వేయాలంటే లక్షల రూపాయల కంప్యూటర్ ఉండాలి గదన్నా, మనకెక్కడ కుదురుతుంది" అన్నాడు. బస్సుకు టైమైందని లేచి వచ్చేశాను. కానీ ఆ మాట మార్కాపురం దాటాక కూడా నన్ను వదలలేదు.

మా రోజుల్లో, అంటే 1990ల నడుమ, బస్టాండ్ దగ్గర ఒక చిన్న గదిలో కలర్ టీవీ పెట్టి ఆటలు ఆడించేవారు. అవి ఎనిమిది బిట్ల మిషన్లు. కేసెట్ పెట్టి, అరగంటకు ఇంత అని వసూలు చేసేవారు. మా దగ్గర డబ్బులుండేవి కావు కాబట్టి తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్ళం. పదహారు బిట్ల సెగా మెగా డ్రైవ్‌ను మన దేశంలో అమ్మడానికి 1994లో షా వాలెస్ కంపెనీ ఒప్పందం చేసుకుంది. ధర 18,000 రూపాయలు. మా అమ్మానాన్నలు పలకల క్వారీలో ఏడాదంతా పనిచేసినా అంత చేతికొచ్చేది కాదు. ఆ ఆటలను నేను మొదటిసారి చూసింది చాలా ఏళ్ళ తర్వాత, హైదరాబాదులో రూమ్మేట్ కంప్యూటర్‌లో. చూసిన మొదటి రోజే నాకు మా ఊరి పలక గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను.

మెగా డ్రైవ్ 1988లోనూ, నింటెండో వారి సూపర్ ఫామికామ్ 1990లోనూ జపాన్‌లో విడుదలయ్యాయి. రెండోదాన్నే బయటి దేశాల్లో సూపర్ నింటెండో అన్నారు. మెగా డ్రైవ్ తెర అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 224 చుక్కలు. ఆ తెరను ఎనిమిదికి ఎనిమిది చుక్కల చిన్న పలకలుగా కోస్తారు. అంటే ఒక్కో పలకలో 64 గళ్ళు, తెర నిండా 1,120 పలకలు. ఒక పలకకు 16 రంగుల పెట్టె ఒకటే దొరుకుతుంది. అందులోనూ ఒక గది ఖాళీ, వెనకున్నది కనబడడానికి. మొత్తం 512 రంగులున్నా తెరమీద ఒకేసారి మామూలుగా 64కు మించి రావు. సూపర్ నింటెండో ఇంకాస్త ధనవంతుల బిడ్డ. దానికి 32,768 రంగులు, ఒకేసారి 256. జ్ఞాపకశక్తి తక్కువ కాబట్టి గీసిన పలకనే పదిచోట్ల తిప్పి తిప్పి వాడాలి. అదే గడ్డి ముక్క, అదే రాయి, అదే మబ్బు. అయినా చూసేవాడికి ఆ సంగతి తెలియకూడదు. చిత్రకారుడి పనితనమంతా అక్కడే ఉంది.

గళ్ళు గళ్ళుగా ఉన్నాయన్న తమ్ముడికి ఒక మాట. ఆ బొమ్మలు నీ ఫోను కోసం గీసినవి కావు. పాత డబ్బా టీవీ కోసం గీసినవి. 1991లో వచ్చిన సోనిక్ ఆటలో జలపాతం చూడు. ఫోనులో నిలువు చారలు కనిపిస్తాయి. మెగా డ్రైవ్‌కు పారదర్శకమైన రంగు వేయడం రాదు. అందుకని ఒక గీత నీళ్ళు, ఒక గీత ఖాళీ, మళ్ళీ ఒక గీత నీళ్ళు వేశారు. ఆనాటి వైరు గుండా బొమ్మ టీవీకి వెళ్ళేసరికి ఆ గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నీటి వెనుక కొండ లీలగా కనబడేది. టీవీ లోపాన్నే రంగుగా వాడుకున్నారన్నమాట.

ఇంకొకటి. మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి గిద్దలూరు వైపు వెళుతూ కిటికీలోంచి చూడండి. పట్టాల పక్కన తుమ్మచెట్లు పరుగెత్తుతాయి, చేలు నిదానంగా కదులుతాయి, నల్లమల కొండలు కదిలీ కదలనట్టుంటాయి. పదహారు బిట్ల ఆటల్లో వెనుక దృశ్యాలను పొరలుగా వేసి, ఒక్కో పొరను ఒక్కో వేగంతో జరిపి ఇదే భ్రమ కల్పించారు. లోతు లేని తెరకు లోతు వచ్చింది.

ఇక అందరిలోకీ ఏది అందమైనదన్న అసలు వాదనకు వస్తాను. 1993లో మెగా డ్రైవ్‌కు వచ్చిన అల్లాద్దీన్ ఆటకు డిస్నీ చిత్రకారులు కాగితం మీద చేత్తో బొమ్మలు గీసిచ్చారు. ఆ కుర్రాడి నడక, దూకుడు ఈనాటికీ ముచ్చటగా ఉంటాయి. 1995లో వచ్చిన క్రోనో ట్రిగ్గర్‌కు పాత్రలను రూపొందించినవారు డ్రాగన్ బాల్ చిత్రకారుడు అకిరా తొరియామా. ఈ రెండింటికీ నా లెక్కలో పెద్దపీటే. కానీ తమ్ముళ్ళ వాదన డాంకీ కాంగ్ కంట్రీ మీద కాబట్టి దాని సంగతే తేల్చాలి. 1994లో ఇంగ్లండుకు చెందిన రేర్ కంపెనీ దాన్ని చేసింది. ఖరీదైన సిలికాన్ గ్రాఫిక్స్ కంప్యూటర్ల మీద కోతి బొమ్మను మూడు కొలతల్లో తయారుచేసి, దాన్ని కుదించి ఆటలో పెట్టారు. లోకం నోరెళ్ళబెట్టింది. 90 లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి.

మరుసటి ఏడాది, 1995లో, అదే సూపర్ నింటెండోకు యోషీస్ ఐలాండ్ వచ్చింది. అందులో కొండలు, చెట్లు, పూలు అన్నీ చిన్నపిల్లలు క్రేయాన్లతో వేసినట్టుంటాయి. గీత కాస్త వంకర, రంగు కాస్త గీత దాటి ఉంటుంది. నా ఓటు దీనికే. కారణం చెబుతాను. డాంకీ కాంగ్ తనకు లేని శక్తి ఉన్నట్టు కనబడాలని ప్రయత్నించింది. తర్వాత నిజంగానే ఆ శక్తి ఉన్న మిషన్లు వచ్చాయి, కోతి మెరుపు పాతబడింది. యోషీ బొమ్మలు మాత్రం దేనికీ నకలు కావు. ఆ గళ్ళలో ఏది ఇముడుతుందో తెలుసుకుని దానికి తగ్గట్టు గీసినవి. అందుకే వాటికి వయసు రాలేదు.

ఒప్పుకోవలసింది కూడా ఒప్పుకుంటాను. యోషీ ఆట కేసెట్‌లో సూపర్ ఎఫ్‌ఎక్స్ 2 అనే అదనపు చిప్ ఉంది. పెద్ద పెద్ద శత్రువులు సాగడం, తిరగడం దాని చలవే. కాబట్టి అది పేదవాడి ఆట, ఇది గొప్పవాడి ఆట అని నేననను. రెండింటి వెనుకా డబ్బుంది. కానీ యోషీలో కంటికి నచ్చేది ఆ చిప్ కాదు, ఆ వంకర గీత. ఆ గీతను ఏ చిప్పూ గీయలేదు.

ఇప్పుడు గోడపత్రిక తమ్ముడికి నా జవాబు. నీకు గళ్ళ నోటుపుస్తకం ఉంది. అందులో అడ్డంగా 16, నిలువుగా 16 గళ్ళు తీసుకో. నాలుగు రంగులు మాత్రమే పెట్టుకో. కంభం చెరువు గట్టు గీయి, లేదంటే నల్లమల కొండముచ్చును గీయి. ఒక గడిలో ఒకే రంగు, సగం సగం వేయకూడదు. మొదటిది పాడవుతుంది. పదోది చూసినవాడు "కొండముచ్చు" అంటాడు. మీ అమ్మ వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు వేసేటప్పుడు చేసే లెక్క కూడా ఇలాంటిదే. కంప్యూటర్ దొరికిన రోజున ఇదే పని చేయడానికి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. ఉద్యోగం వస్తుందని హామీ ఇవ్వలేను. ఇది మనవల్ల కాదని మొదలుపెట్టకముందే అనుకోవద్దనడానికి మాత్రం నాకు హక్కుంది. ఎందుకంటే తలుపు దగ్గర నిలబడ్డ రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. పలక, బలపం చేతిలో ఉండి కూడా ఒక్క బొమ్మ వేసి చూడలేదు. ఆ లోటు ఇప్పటికీ ఉంది.

వచ్చే వార్షికోత్సవానికి వస్తాను. గోడపత్రికలో ఒక మూల నాకోసం ఖాళీ ఉంచండి తమ్ముళ్ళూ, నా కొండముచ్చును కూడా తెస్తాను. ఎవరిది బాగుందో వరండాలోనే తేల్చుకుందాం. డాంకీ కాంగే గొప్పదనేవాళ్ళు కూడా తమ వాదనతో సిద్ధంగా ఉండండి. ఈసారి ఆఖరి బస్సుకే వెళతాను.