నవాజోలకి నాయకుడు తెల్లోడా?

టోపీ, తుపాకి, గుర్రం. కౌబాయి అంటే మన ఊళ్లలో తెలియనోళ్లు లేరు. 1971లో కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' ఆడినప్పటి నుంచీ ఆ వేషం మనకి పరిచయమే. సినిమాల్లోనే కాదు, ఆ కౌబాయి బొమ్మల కథల పుస్తకాలెక్కి కూడా దేశదేశాలు తిరిగాడు. పిల్లల పుస్తకాలే గదా, వాటితో ఉద్యమానికేం పని అంటారు కొందరు. పనుంది. ఎవడు వీరుడో, ఎవడు దొంగో, ఎవడు ఎవరికి నాయకుడో పసి మనసుకి ముందుగా నేర్పేవి ఆ పుస్తకాలే.

ఒక్కటి తీసుకుని చూద్దాం. 1948లో ఇటలీలో బొనెల్లి అనే రచయిత, గల్లెప్పీని అనే చిత్రకారుడు కలిసి టెక్స్ విల్లర్ అనే వీరుణ్ణి పుట్టించారు. ఆ కథలు ఇప్పటికీ వస్తున్నాయి. మన పక్కనే శివకాశిలో తమిళంలో కూడా అచ్చవుతున్నాయి. టెక్స్ మొదట చట్టం వేటాడే మనిషి. తర్వాత తనే రేంజర్ అవుతాడు. అమెరికా ఆదివాసుల్లో నవాజో తెగ నాయకుడి కూతురు లిలిత్‌ని పెళ్లాడతాడు. మామ పోయాక ఆ తెగకి తనే నాయకుడవుతాడు.

న్యాయంగానే మాట్లాడదాం. టెక్స్ చెడ్డోడు కాదు. ఆదివాసుల్ని మోసం చేసే తెల్ల వ్యాపారుల్ని, అధికారుల్ని చితకబాదుతాడు. లిలిత్ చనిపోయింది తెల్లోళ్లు అంటగట్టిన మశూచి దుప్పట్ల వల్లేనని కథలోనే ఉంది. ఆదివాసుల్ని పిట్టల్లా కాల్చి చూపించే సినిమాల కాలంలో ఇది చిన్న సంగతేం కాదు. మా పేచీ అతని మంచితనంతో లేదు, అతను కూర్చున్న కుర్చీతో ఉంది.

టెక్స్ ప్రాణస్నేహితుడి పేరు చూడండి: కిట్ కార్సన్. ఆ పేరుగలవాడు చరిత్రలో నిజంగానే ఉన్నాడు. 1863-64లో అమెరికా సైన్యం తరఫున నవాజోల మీదికి దండెత్తిన కల్నల్ అతనే. అతని సైన్యం పంటలు తగలబెట్టింది. గొర్రెల మందల్ని చంపింది. కాన్యన్ డి షే లోయలో పీచ్ తోటలు నరికేసింది. ఆకలితో జనాన్ని లొంగదీశారు. 8 వేల మందికి పైగా నవాజోల్ని సుమారు 300 మైళ్లు నడిపించి, బోస్క్ రెడోండో అనే చోట బందీలుగా పడేశారు. నడవలేని ముసలోళ్లు, నిండు చూలాళ్లు దారిలోనే ప్రాణాలొదిలారని ఆ జనం ఈనాటికీ చెప్పుకుంటారు. అలాంటోడు బొమ్మల కథలో నవాజోలకి చుట్టమైపోయాడు!

మరి నవాజోలకి సొంత నాయకులు లేరా? ఎందుకు లేరు? మాన్యులిటో 1866 దాకా లొంగలేదు. సైన్యం లెక్కలో అతను వేటాడాల్సిన మనిషి, తన జనానికి నాయకుడు. బార్బొన్‌సీటో 1868లో జనరల్ షెర్మన్ ఎదురుగా కూర్చుని, మా నేలకి మమ్మల్ని పోనియ్యమని వాదించాడు. ఆ యేడు జూన్ 1న ఒప్పందం కుదిరింది. జనం సొంత గడ్డకి తిరిగొచ్చారు. ఆ పని ఏ తెల్ల వీరుడూ చేసిపెట్టలేదు. అయినా లోకంలో పిల్లలకి టెక్స్ తెలుసు. బార్బొన్‌సీటో ఎంతమందికి తెలుసు?

ఈ జబ్బు ఒక్క పుస్తకానిదే కాదు. లోన్ రేంజర్ కథల్లో ఆదివాసి టోంటోది ఎప్పుడూ రెండో గుర్రమే. మాటలు కూడా వచ్చీరాని ఇంగ్లీషు ముక్కలే. లక్కీ లూక్ అనే బెల్జియం కౌబాయి 1946లో పుట్టాడు. అతని పక్కన నల్ల మార్షల్ బాస్ రీవ్స్ నిలబడడానికి 2020 దాకా ఆగాల్సొచ్చింది. బాస్ రీవ్స్ కల్పన కాదు. బానిసగా పుట్టి, 1875 నుంచి 1907 దాకా నేరస్తుల్ని పట్టుకున్న మనిషి. మనిషి ఉన్నాడు, అతని బొమ్మ గీయాలన్న మనసే ఎవరికీ లేకపోయింది.

అమెరికా గొడవ మనకెందుకనుకోవద్దు. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశంలో అంటరానివాళ్లకి ప్రతినిధిని నేనేనని గాంధీ చెప్పుకున్నాడు. అదే సమావేశంలో అంబేద్కర్ కూర్చుని ఉన్నాడు! జాలి వేరు, ప్రాతినిధ్యం వేరు అని బాబాసాహెబ్ జీవితమంతా కొట్లాడింది అందుకే. ఇవాళ రిజర్వుడు పంచాయతీల్లో సర్పంచి పేరు మనోళ్లది, పెత్తనం ఇంకొకరిది అయిన ఊళ్లు లేవా? మన మీద జాలిపడే పెద్దమనిషి మంచోడే కావచ్చు. మంచోడైనంత మాత్రాన మన కుర్చీ అతనిదైపోదు.

పిల్లల చేతుల్లోంచి పుస్తకాలు లాక్కోమని మేం చెప్పడం లేదు. చదవనియ్యండి. చదివాక అడగండి: ముందు గుర్రం మీద ఎవడున్నాడు? ఎవడి మాట వినబడుతోంది? తీర్పు చెప్పేది ఎవడు? మన వాడల్లో గోడల మీద అంబేద్కర్ బొమ్మ గీసే కుర్రాళ్లున్నారు. సంఘాలు వాళ్లకి కాయితాలు, రంగులు కొనివ్వాలి. మన నాయకుల కథలు మన చేతులతో గీయించాలి. మన గుర్రాన్ని మనం ఎక్కకపోతే, మన మేలు కోసమేనంటూ వేరేవాడు ఎక్కి కూర్చుంటాడు.

జై భీమ్!