బెరడుపై రాత

నీలగిరి చెట్లను మనమందరం ఎరుగుదుము. వాటి పుట్టినిల్లు ఆస్ట్రేలియాలో కొన్ని రకాల నున్నని బెరడుపై, బలపం పట్టిన పసివాడు గీసినట్లు వంకర గీతలు కనిపిస్తాయి. అది ఒక చిన్న శలభపు లార్వా చేతిరాత. బెరడు లోపల సొరంగం తొలుచుకుంటూ పోయి, ఆ దారి వెంబడే మరలి వస్తుంది. చెట్టు ఆ గాయాన్ని మెత్తని కణజాలంతో పూడుస్తుంది. దానినే తిని బలిసి, లార్వా చెట్టు దిగి గూడు అల్లుకుంటుంది. పిమ్మట పైబెరడు రాలితే గాని రాత బయటపడదు. వ్రాసినవారు అప్పటికే వెళ్ళిపోయారన్నమాట!

ఇంగ్లండులో ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఎడ్వర్డ్ మేరిక్ 1935లో ఈ శలభానికి ఆగ్మోగ్రాప్టిస్ స్క్రిబ్యులా అని నామకరణం చేశారు. గీతలన్నీ ఈ ఒక్క జాతివేనని చాలాకాలం భావించారు. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ.లో పనిచేసి విశ్రాంతి పొందిన మాక్స్ డే, 1915లో జన్మించినవారు, గీతల తీరులోని తేడాలను పట్టుకున్నారు. మరియాన్ హోరాక్ తదితరులతో కలిసి ఆయన చేసిన కృషి ఫలితంగా 2012లో 11 కొత్త జాతులు వెలుగుచూశాయి. అప్పటికి ఆయన తొంభై ఏళ్ళు దాటినవారు. పదవీ విరమణకు రోజులు లెక్కించుకుంటున్న మా మిత్రులకు ఈ సంగతి ప్రత్యేకంగా విన్నవిస్తున్నాము.