లేని పళ్ళే ఆనవాలు

ఇంజను మాట చూడగానే పుట తిప్పేయబోయే సోదరీమణులకు ఒక మనవి. ఈ సంగతి మీ స్కూటరుకూ చెందినదే. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్. 6 నిబంధనలు అమలులోకి వచ్చాక కొత్త పెట్రోలు స్కూటర్లలో దాదాపు అన్నిటికీ కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. దానితోపాటు ఇంజను ఎక్కడిదాకా తిరిగిందో చెప్పే సెన్సర్ కూడా వచ్చి చేరింది.

మా కోయంబత్తూరు, 1937లో జి.డి. నాయుడు గారి పూనికతో విద్యుత్ మోటారు తయారైన ఊరు. ఇక్కడ పిల్లలకు స్పానర్ పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. మా అన్నయ్య కొడుకు, తండ్రి వదిలివెళ్ళిన పద్మిని కారుకు ఈ కొత్త ఏర్పాటు చేయాలని పూనుకున్నాడు. ఆ కారును యాభై ఏళ్ళుగా ఎరిగిన మేస్త్రి గారు మాత్రం ముఖం ముడుచుకున్నారు. "ఇక నా చెవితో పనేముంది బాబూ?" అని నాతో అన్నారు.

పాత పద్ధతిలో డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు విడిపోయినప్పుడు ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. పాయింట్లు అరిగితే టైమింగు తప్పుతుంది. కొత్త పద్ధతిలో క్రాంక్ షాఫ్ట్ పుల్లీకి ఒక ఉక్కు పళ్ళ చక్రం బిగిస్తారు. అందులో ఆరేసి డిగ్రీలకు ఒకటి చొప్పున 60 పళ్ళకు చోటుంటుంది. రెండు పళ్ళు కావాలనే తీసేస్తారు. మిగిలిన 58 పళ్ళు సెన్సర్ ముందు నుంచి సాగిపోతుంటే కంప్యూటర్ పెట్టె లెక్కపెడుతుంది. ఖాళీ రాగానే లెక్క మళ్ళీ మొదటికి. మా బ్యాంకు భాషలో అది ఓపెనింగ్ బ్యాలెన్సు. అది తప్పితే కింది కూడికలన్నీ సరిగా ఉన్నా లెడ్జరు తప్పే. ఇక్కడ తప్పితే నిప్పు ముందే పడి పిస్టనుకే చిల్లు పడవచ్చు.

కాబట్టి మొదటి పిస్టన్ సరిగ్గా పైకొచ్చే చోటు కచ్చితంగా తెలియాలి. కుర్రవాడు ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి చూడబోతే మేస్త్రి గారు ఆపారు.

"అబ్బాయ్, పైకొచ్చాక పిస్టన్ కాస్తంతసేపు కదిలినట్టే ఉండదు. క్రాంకు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కంటికెలా తెలుస్తుంది?"

ఆయన పాత ప్లగ్గు గుల్లకు ఒక బోల్టు అమర్చి రంధ్రంలో బిగించారు. క్రాంకును చేత్తో మెల్లగా తిప్పి, పిస్టన్ తగిలిన చోట పుల్లీ మీద గీత పెట్టారు. వెనక్కి తిప్పి, మళ్ళీ తగిలిన చోట ఇంకో గీత. రెంటికీ సరిగ్గా నడుమే అసలు చోటు. ఏ లాప్‌టాపూ చెప్పలేని ముక్క అది!

తక్కిన పని ఇద్దరూ పంచుకున్నారు. చక్రం వంకర లేకుండా తిరగాలి. సెన్సర్ పట్టీని రేకు మూతకు కాక ఇంజను బ్లాకుకే బిగించాలి. పళ్ళకూ సెన్సర్‌కూ మధ్య సుమారు ఒక మిల్లీమీటరు సందు. తీగ ప్లగ్గు వైర్లకు దూరంగా పోవాలి. చివరికి కంప్యూటర్‌లో టైమింగు 10 డిగ్రీల దగ్గర నిలిపి, టైమింగ్ లైటు వేసి చూస్తే పుల్లీ మీదా 10 కనబడింది. ఆ తరువాత లాప్‌టాప్ తెరమీది గీతలు మేస్త్రి గారు అడిగి మరీ చెప్పించుకున్నారు.

గృహస్థులకు ఒక్క మాట. బండి వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మామూలుగా కదులుతోందంటే ఈ సెన్సర్‌నూ అనుమానించండి. ఖరీదైన కంప్యూటర్ మార్చమనేవారిని, ముందు సెన్సర్ కొననూ దాని తీగనూ చూడమనండి. అలాగే మీ వీధిలో పాత మేస్త్రి ఎవరైనా ఉంటే, సెలవుల్లో మీ పిల్లల్ని ఆయన దగ్గర నాలుగు రోజులు కూర్చోబెట్టండి. ఇద్దరికీ లాభమే.