తరగతి గదిలో గాలి

నీటిని వడపోసి త్రాగాలని మన పెద్దలు ఏనాడో గ్రహించారు. కుళాయిలో మురికినీరు వస్తే నేడు వీధి అంతా ఏకమై ప్రశ్నిస్తుంది. అనుక్షణం పీల్చే గాలి విషయంలో మాత్రం మనకు ఆ జాగరూకత కొరవడింది.

చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలు పోటీ పరీక్షల శిక్షణకు పెట్టింది పేరు. నగర కేంద్ర గ్రంథాలయం పరిసరాలలో జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు ఏళ్ల తరబడి చదువుకుంటారు. పొరుగున ఉన్న నారాయణగూడ కళాశాలలకు నిలయం. రహదారి రొద వినబడకూడదనో, చల్లదనం పోకూడదనో కిటికీలు మూసివేసిన గదులలో పదులమంది గంటల కొద్దీ కూర్చుంటారు. గోడకు బిగించిన ఏ.సి. గదిలోని గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. బయటి గాలిని లోపలికి తీసుకురాదు. అటువంటి గదిలో ఒక్కరికి జబ్బు ఉన్నా, వారి మాటతో, దగ్గుతో వెలువడే సూక్ష్మ తుంపరలు చాలాసేపు గాలిలో తేలుతూ ఉంటాయి. క్షయ, తట్టు, కోవిడ్ ఈ విధంగానే వ్యాపిస్తాయి.

కోవిడ్ కాలంలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు ఆస్పత్రులలోను, రోగులున్న ఇళ్లలోను గాలి నమూనాలను పరీక్షించారు. రోగుల సంఖ్య పెరిగే కొద్దీ గాలిలో వైరస్ కనిపించే అవకాశం కూడా పెరుగుతుందని 2022లో వెలువడిన ఆ పరిశోధన తెలిపింది.

కిటికీలు తెరవడమే మొదటి ఉపాయం. అది వీలుకాని చోట గాలిని శుభ్రపరచే యంత్రాలు, అనగా ఎయిర్ ప్యూరిఫయర్లు, అక్కరకు వస్తాయి. వీటిలోని హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల కణాలలో 99.97 శాతాన్ని పట్టి ఉంచగలదు. అయితే లెక్క తప్పకూడదు. గదిలో గంటకు కనీసం ఐదు మార్లు శుభ్రమైన గాలి అందాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2023లో సూచించింది. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గదిలో 180 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఆ లెక్కన గంటకు 900 ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి కావాలి. గంటకు 300 ఘనపు మీటర్లు ఇచ్చే యంత్రాలు మూడు ఉంటేనే అది సాధ్యం. పడకగదికి సరిపడే యంత్రం ఒకటి మూలన ఉంచితే అది అలంకారప్రాయమే. చప్పుడు చేస్తుందని దానిని ఆపివేసినా, ఫిల్టరును సకాలంలో మార్చకపోయినా ఫలితం ఉండదు. పైగా, ప్రక్కన కూర్చున్నవారి దగ్గు నుండి యంత్రం పూర్తి రక్షణ ఇవ్వలేదు.

ఖర్చు మాటేమిటని యాజమాన్యాలు అడగవచ్చు. ఫిల్టర్లను పెట్టె ఆకారంలో అమర్చి పైన ఫ్యాను బిగించే చౌకైన పద్ధతి 2020లోనే అమెరికాలో వాడుకలోకి వచ్చింది. దానిని విద్యార్థులే తయారు చేసుకోగలరు. పరీక్షల ముందు మంచం పట్టిన విద్యార్థి ఒక్కొక్కసారి ఏడాది శ్రమనే కోల్పోతాడు. ఆ నష్టం ముందు ఈ ఖర్చు ఏపాటిది?

దగ్గుతున్న సహాధ్యాయిని వెలివేయడం పరిష్కారం కాదు. అతనికి వైద్యం అందాలి, గదికి మంచి గాలి అందాలి. శిక్షణకు చేరే ముందు గదిలో ఏ.సి. ఉన్నదా అని విచారించే విద్యార్థులు, అక్కడ గాలి మారుతుందా అని కూడా ప్రశ్నించాలి. అడిగేవారు ఉన్నప్పుడే సమకూర్చేవారు ఉంటారు.