పాటల పెట్టెను మార్చాలా?

గుంటూరు నుండి నంద్యాలకు పోయే రైలుమార్గం మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లను దాటి నల్లమల అడవిలోకి ప్రవేశిస్తుంది. ఈ దారిలో గిద్దలూరు నుండి మార్కాపురం కళాశాలకు వచ్చిపోయే ఒక విద్యార్థిని ఊహించుకోవచ్చు. అతని చొక్కా జేబులో అగ్గిపెట్టె కంటె కొంచెం పెద్దదైన పాటల పెట్టె ఒకటి ఉంది. అన్న చదువుకొనే రోజుల్లో కొన్నది. ఇప్పుడు తమ్ముని చేతికి వచ్చింది. అంచుల రంగు వెలిసింది. తెర మీద ఒక గీత పడింది. ఉదయం నింపిన ఛార్జి సాయంత్రపు రైలు ఎక్కేసరికి తరిగిపోతుంది. ఎదుటి బల్ల మీద కూర్చున్న సహాధ్యాయి చేతిలో కొత్త పరికరం తళతళలాడుతూ ఉంటుంది. అప్పుడు ఆ విద్యార్థి మనసులో ఒక ప్రశ్న పుడుతుంది: దీనిని మార్చాలా, వద్దా?

ప్రశ్న చిన్నదే. కాని దానికి సమాధానం వెదికే పద్ధతి చిన్నది కాదు. ఈనాడు పాటల పెట్టె గురించి ఆలోచించిన తీరులోనే రేపు వాహనం గురించి, ఇంటి గురించి, అప్పు గురించి కూడ మనిషి ఆలోచిస్తాడు. అందువల్ల ఈ చిన్న ప్రశ్న యువకుని వివేకానికి తొలి పరీక్ష అనడంలో అతిశయోక్తి లేదు.

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అని పెద్దలు ఏనాడో అన్నారు. ఆ సామెత వస్తువుల స్వభావాన్ని గాక మనసు స్వభావాన్ని తెలుపుతుంది. వస్తువు రాత్రికి రాత్రి చెడిపోదు. దాని పక్కన మరొక వస్తువు కనబడినప్పుడు చూపు మారుతుంది. ఎదుటివాని చేతిలో కొత్తది కనబడక ముందు ఆ విద్యార్థికి తన పెట్టెలోని పాట మధురంగానే వినిపించింది. కనబడిన తరువాత కూడ పాట మారలేదు, విన్నవాడు మారాడు.

జేబులో సంగీతాన్ని మోసుకొనిపోయే పరికరాల చరిత్ర ఈ విషయంలో ఒక పాఠం చెబుతుంది. 1979 జులైలో జపానుకు చెందిన సోనీ సంస్థ వాక్‌మన్‌ను విపణిలోకి తెచ్చింది. అప్పటికే ఉన్న ఒక చిన్న టేపురికార్డరు నుండి ధ్వనిని ముద్రించే భాగాన్ని తొలగించి, వినే ఏర్పాటును మాత్రమే ఉంచి దానిని రూపొందించారు. లోకాన్ని ఆకర్షించిన ఆ పరికరం కొత్త సౌకర్యాలను చేర్చడం వల్ల గాక, అవసరం లేనిదానిని తీసివేయడం వల్ల పుట్టింది. 2001లో ఆపిల్ సంస్థ వెయ్యి పాటలు జేబులో ఇముడుతాయని చాటుతూ ఐపాడ్‌ను విడుదల చేసింది. ఆనాడు అది అద్భుతం. తరువాత ఏటేటా కొత్త రూపాలు వచ్చాయి. ప్రతి కొత్త రూపమూ నిన్నటిదానిని పాతది చేసింది. చివరకు 2022 మే నెలలో ఆ సంస్థ ఐపాడ్ ఉత్పత్తికే స్వస్తి చెప్పింది. కొత్తదనాన్ని వెంబడించి పట్టుకోవాలనుకొనేవాడు తన నీడను తాను తరుముతున్నవాడే.

అయితే పాతదానిలో నిజంగా లోపం ఏమిటో లెక్క వేసి చూడాలి. స్థలం చాలదనేది తరచుగా వినిపించే మాట. ఎంపీత్రీ పద్ధతిలో సాధారణ నాణ్యత గల పాట నిమిషానికి సుమారు ఒక మెగాబైటు చోటు ఆక్రమిస్తుంది. అంటే నాలుగు గిగాబైట్ల పాత పెట్టెలో 65 గంటలకు పైగా సంగీతం ఇముడుతుంది. రోజూ రాకపోకల్లో ఒక గంట విన్నా, విన్న పాట మళ్లీ వినకుండ రెండు నెలలు గడుస్తాయి. పదింతల స్థలం గల పరికరం కొన్నంత మాత్రాన రోజుకు పదింతల గంటలు రావు. నిజానికి కొరత స్థలానిది కాదు, తీరికది.

ధ్వని నాణ్యత కొరకు మార్చాలనేది రెండవ వాదం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మరీ తక్కువ నాణ్యతతో కుదించిన పాటలో సూక్ష్మ స్వరాలు నశిస్తాయి. కాని ఆ లోపం ఫైలుది, పెట్టెది కాదు. మంచి నాణ్యతతో కుదించిన ఫైలును నింపుకొంటే పాత పెట్టె కూడ బాగానే పలుకుతుంది. మనిషి చెవి సెకనుకు 20 నుండి 20,000 కంపనాల వరకు గల ధ్వనులను మాత్రమే గ్రహిస్తుంది. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కు సెకనుకు 44,100 నమూనాలతో ఆ పరిధి నంతటినీ అందించింది. అంతకు మించిన సంఖ్యలను ప్రకటనలు ఎంత గొప్పగా చాటినా, వాటిని అందుకొనే చెవి ఉండాలి గదా! ఘంటసాల కాలపు పాటలు వినేవానికి ఈ సత్యం మరింత వర్తిస్తుంది. ఆ రోజుల్లో మోనో పద్ధతిలో ముద్రించిన గానంలో లేని వివరాన్ని ఏ కొత్త పరికరమూ సృష్టించలేదు. ఆ గానంలో ఉన్న భావాన్ని ఏ పాత పరికరమూ తగ్గించలేదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. వినికిడిలో తేడాను ఎక్కువగా తెచ్చేది పెట్టె కాదు, చెవిలో పెట్టుకొనే ఇయర్‌ఫోను. చెవికి సరిగా అమరని ఇయర్‌ఫోనుతో రైలు చప్పుడులోనో, బస్సు హోరులోనో పాట వినేవాడు ఆ హోరును మించాలని ధ్వనిని పెంచుతూ పోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలు మాత్రమే సురక్షితం. ప్రపంచంలో వంద కోట్లకు పైగా యువత ఇటువంటి అలవాట్ల వల్ల వినికిడి నష్టపు ప్రమాదంలో ఉన్నదని ఆ సంస్థ 2022లో హెచ్చరించింది. లోపలి చెవిలోని సున్నితమైన రోమకణాలు ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. పాటల పెట్టెను వందసార్లు మార్చుకోవచ్చు, చెవిని మార్చుకోలేము. కనుక బయటి శబ్దాన్ని అడ్డుకొని చెవికి చక్కగా అమరే ఇయర్‌ఫోనుకు పెట్టిన ఖర్చు, కొత్త పెట్టెకు పెట్టిన ఖర్చు కంటె సార్థకం.

ఛార్జి నిలవకపోవడం మూడవ ఫిర్యాదు. ఇది నిజమైన లోపమే. లిథియం అయాన్ బ్యాటరీకి ఆయుఃప్రమాణం ఉంది. కొన్ని వందల సార్లు పూర్తిగా నింపి ఖాళీ చేసిన తరువాత దాని శక్తి తగ్గుతుంది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు మండుటెండలో ఉంచితే ఆ క్షీణత మరింత త్వరపడుతుంది. అయితే బ్యాటరీ వృద్ధాప్యం పరికరం మరణం కాదు. ఎడ్లబండి ఇరుసు అరిగితే రైతు ఇరుసు మారుస్తాడు గాని బండిని తగులబెట్టడు. విప్పడానికి వీలైన పరికరమైతే, పని తెలిసిన మెకానిక్ చేత తగిన బ్యాటరీ వేయించుకొంటే అది మరికొన్ని ఏళ్లు పాడుతుంది. విప్పడానికి వీలులేకుండ వస్తువులను తయారుచేసే ధోరణి మీద నేడు లోకమంతటా చర్చ సాగుతున్నది. ఫ్రాన్సు దేశం 2021 నుండి కొన్ని ఎలక్ట్రానిక్ వస్తువుల మీద, వాటిని ఎంత సులభంగా బాగుచేయవచ్చునో తెలిపే సూచికను ముద్రించాలని నిర్బంధించింది. భారత ప్రభుత్వం కూడ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కొరకు ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. బాగుచేసుకొనే అవకాశం కొనేవాని హక్కు అనే భావన క్రమంగా బలపడుతున్నది.

పశ్చిమ ప్రకాశం ప్రాంతానికి ఈ భావన కొత్తది కాదు. కంభం చెరువే ఇందుకు సాక్షి. విజయనగర రాజుల కాలంలో రాణి వరదరాజమ్మ కట్టించినట్లు ప్రసిద్ధమైన ఈ చెరువు, కొండల నడుమ కట్ట వేసి గుండ్లకమ్మ నీటిని నిలిపిన నిర్మాణం. శతాబ్దాల తరబడి తరతరాలవారు దానిని కాపాడుకొంటూ వచ్చారు. పాతబడినదని ఎవరూ దానిని పూడ్చివేయలేదు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల కమిషన్ దానిని వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. ఆ గౌరవం కట్టినవారికి ఎంత చెందుతుందో, కాపాడినవారికీ అంతే చెందుతుంది.

అయితే పాతదానిని ఎన్నడూ విడువరాదని చెప్పడం కూడ మౌఢ్యమే. ఇందుకు మార్కాపురం పలకే ఉదాహరణ. ఒకప్పుడు ఇక్కడి గనుల నుండి తీసిన రాతిపలకలు చెక్క చట్రాలలో ఒదిగి ఎందరో పిల్లల చేత అక్షరాలు దిద్దించాయి. తరువాత నోటుపుస్తకం వచ్చింది. పలక గిరాకీ తగ్గింది. పుస్తకం కొత్తది కావడం ఒక్కటే ఇందుకు కారణం కాదు. పలక మీది రాత తుడిస్తే పోతుంది. పుస్తకంలోని రాత నిలుస్తుంది. పాతదానికి చేతకాని ఒక అవసరాన్ని కొత్తది తీర్చింది. అది న్యాయమైన మార్పు. పలకరాయి కూడ అంతటితో వ్యర్థం కాలేదు. నేలకూ, గోడలకూ అందాన్నిచ్చే రంగురాళ్లుగా ఇళ్లకు చేరుతూ మరొక బ్రతుకు సంపాదించుకొన్నది. ఏది ఎప్పుడు మార్చాలో, మార్చిన తరువాత పాతదానిని ఏమి చేయాలో ఈ ఒక్క కథ తేటగా చెబుతుంది.

దీనినిబట్టి పాటల పెట్టెను మార్చదగిన సందర్భాలు కొన్నే కనిపిస్తాయి. బ్యాటరీ ఉబ్బితే ఆ క్షణమే వాడకం మానాలి. అది నిప్పుతో చెలగాటం. మరమ్మతు ఖర్చు కొత్తదాని వెలను సమీపిస్తే మార్చడమే మేలు. దృష్టిలోపం గల విద్యార్థి శ్రవణపాఠాలు వినడానికి తగిన సౌకర్యం పాతదానిలో లేకపోతే మార్చడం విలాసం కాదు, అవసరం. ఇవేవీ కాక కేవలం ఎదుటివాని చేతిలో ఉన్నదనే కారణం మిగిలితే, ఆ కోరికను కొంతకాలం ఆగమనాలి. నెల గడిచిన తరువాత కూడ అంతే బలంగా నిలిచిన కోరికను అప్పుడు మళ్లీ తూచవచ్చు. పెక్కు కోరికలు ఆ నెల దాటవు.

ఫోనులోనే పాటలు వినే ఈ రోజుల్లో విడిగా పెట్టె ఎందుకని మరికొందరు అడుగుతారు. ఫోనులో పాట ఒంటరిగా ఉండదు. సందేశాలు, చిత్రాలు, ఆటలు దాని చుట్టూ ముసురుకొని ఉంటాయి. పాట వినాలని తెరచినవాడు గంట తరువాత మరెక్కడో తేలుతాడు. పాట తప్ప మరేమీ చేయలేకపోవడమే పాత పెట్టె సుగుణం. చదువుకొనే వయసులో చెదరని మనసు కంటె విలువైన సౌకర్యం లేదు.

యౌవనంలో చిన్న సరదా కూడ తప్పేనా అని అడిగితే, తప్పు కాదు. కాని ఆ సరదాకు వెల ఎవరు చెల్లిస్తున్నారో తెలిసి ఉండాలి. వానలు ముఖం చాటేసే ఈ మెట్టప్రాంతంలో చాలా ఇళ్లకు ఆదాయం ఆకాశం నుండి రావలసిందే. కొత్త పరికరం మూడు వేల రూపాయలనుకొంటే, పాతదానికి బ్యాటరీ, మంచి ఇయర్‌ఫోను కలిపి వెయ్యి రూపాయలు పట్టినా రెండు వేలు మిగులుతాయి. ఆ రెండు వేలు పరీక్ష రుసుము కావచ్చు, పుస్తకాలు కావచ్చు, చెల్లెలి బస్సుపాసు కావచ్చు. అడిగితే కాదనలేని తండ్రి ఉన్నప్పుడు, అడగకుండ ఉండడం కొడుకు సంస్కారం.

విసరివేసిన వస్తువు కూడ మాయమైపోదు. 2022వ సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయినట్లు ఐక్యరాజ్యసమితి నివేదిక తెలిపింది. వాటిలో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినది నాలుగవ వంతు కూడ లేదు. తక్కినదానిలోని సీసం వంటి విషపదార్థాలు నేలలోకి, నీటిలోకి ఇంకే ప్రమాదం ఉంది. మంచినీటి విలువ తెలిసిన పశ్చిమ ప్రకాశం వాసులకు దీనిని ప్రత్యేకించి వివరించనక్కరలేదు. మార్చక తప్పనప్పుడు పాతదానిని చెత్తకుప్పలో వేయక, పనిచేసేదైతే మరొకరికి ఇవ్వాలి. పనిచేయనిదైతే అధీకృత సేకరణ కేంద్రానికి చేర్చాలి.

సాయంత్రపు రైలు కంభం దాటి గిద్దలూరు వైపు సాగుతుంది. ఆ విద్యార్థి జేబులోని పాత పెట్టె అన్న ఇష్టపడిన పాటలను ఇంకా పాడుతూనే ఉంటుంది. అతడు దానిని మార్చవచ్చు, మార్చకపోవచ్చు. మార్చితే అవసరం చెప్పినందుకు మార్చాలి. మార్చకపోతే లేమి వల్ల గాక తెలివిడి వల్ల మార్చకుండాలి. వస్తువు తన కొరకు ఉన్నదో, తాను వస్తువు కొరకు ఉన్నాడో తేల్చుకొన్నవాడే స్వతంత్రుడు.