మార్కులు గీతకా? చూపుకా?

రాత్రి పదకొండు దాటాక హాస్టల్లో ఏదైనా గదిలో రెండు కుర్చీల మధ్య గాజుపలక, దాని కింద టేబుల్ లైటు, చుట్టూ వంగి నిలబడ్డ నలుగురు కుర్రాళ్ళు కనిపిస్తే, అక్కడేదో క్షుద్రపూజ జరుగుతోందని కొత్తగా చేరిన మిత్రులు భయపడనక్కర్లేదు. అది జి.టి. అంటే గ్లాస్ ట్రేసింగ్. సీనియరు షీటు కింద, మన తెల్ల షీటు పైన. వెలుతురు కిందనుంచి వస్తుంది, గీత పైకి తేలుతుంది, చేయి దాని వెంట పోతుంది. ఆర్కిటెక్చరు ప్రథమ సంవత్సరంలో ఎవరూ పాఠం చెప్పకుండానే వచ్చేసే విద్య ఇదొక్కటే.

దీనిమీద ఉపన్యాసమిచ్చే అర్హత నాకు లేదు. నేనూ చేశాను. మెట్ల ప్లాను, సెక్షను ఉన్న షీటు అలాగే దింపితే పదికి ఎనిమిది వచ్చాయి. ‘నీట్’ అని ఎర్రసిరా మెప్పు అదనం.

నెల తిరక్కుండానే చిన్న ఇల్లొకటి సొంతంగా డిజైను చేయమన్నారు. అంతస్తు ఎత్తు 3 మీటర్లు. నేను ప్లానులో మెట్లకి 3 మీటర్ల పొడవు వదిలి, పది గీతలు గీసి, బాణం గుర్తు పెట్టి, ‘పైకి’ అని అందంగా రాశాను. మాస్టారు చూసి, “సెక్షను గీశావా?” అన్నారు. గీయలేదండీ అన్నాను. “గీసి చూడు.” గీశాను. ఒక్కో మెట్టు 150 మి.మీ. ఎత్తనుకుంటే 3 మీటర్లు ఎక్కడానికి 20 మెట్లు కావాలి. అడుగు పెట్టే వెడల్పు 250 మి.మీ. అయినా, తిన్నగా పోయే మెట్లకి 4 మీటర్ల 75 సెంటీమీటర్ల పొడవు కావాలి. నా ఇంట్లో మెట్లెక్కినవాడు సగం ఎత్తుకి వెళ్ళేసరికే శ్లాబుకి తల కొట్టుకుంటాడు! ఇదే లెక్క నెల క్రితం నేను దింపిన షీటులో గీతగీతనా ఉంది. చేయి దానిమీదుగా పోయింది గానీ కన్ను పోలేదు.

తప్పంతా విద్యార్థులదే అనేస్తే పని సులువు. కానీ మేము ఎక్కడినుంచి వస్తున్నామో కూడా చూడాలి గదా! ఇంటర్మీడియట్ రెండేళ్ళూ ఎం.పి.సి. పుస్తకాల్లో తల దూర్చి, సరళరేఖ సమీకరణం తప్ప సరళరేఖ గీసిన పాపాన పోనివాళ్ళం. మొదటి వారంలోనే టీ-స్క్వేరు, సెట్‌స్క్వేర్లు చేతికొస్తాయి. రెండో వారంనుంచి షీట్ల మీద షీట్లు. దిద్దేటప్పుడు చూసేది అంచు గీత, అక్షరాల పొందిక, మసి మరక. గీత శుభ్రంగా ఉండనక్కర్లేదని నేననను. 1:50 స్కేలులో అర మిల్లీమీటరు మందం గీత అంటే స్థలం మీద 25 మిల్లీమీటర్లు, దాదాపు అంగుళం. పెన్సిలు ఎందుకు చెక్కాలో ఈ ఒక్క మాటతో తెలిసిపోతుంది. మాకు మాత్రం ‘షార్ప్‌గా ఉండాలి’ అని చెప్పి ఊరుకున్నారు.

ఇప్పుడు మనం నేర్చుకునే ప్రొజెక్షన్లకి శాస్త్రరూపమిచ్చిన ఫ్రెంచివాడు గాస్పార్ మోంజ్‌కి ఆ ఆలోచన కోటగోడలు శత్రువు కంటికి చిక్కకుండా ఎలా కట్టాలన్న సమస్యతో పుట్టింది. 1799లో అది పుస్తకమయింది. మన దగ్గరకొచ్చేసరికి కోట పోయింది, షీటు మిగిలింది.

సంక్రాంతి సెలవుల్లో గోదావరి జిల్లాలోని మా నాయనమ్మ ఇల్లు కొలిచాను. పాత మండువా ఇల్లు. టేపు రెండో కొస బాబాయి పట్టుకున్నాడు. నాయనమ్మ వసారాలోంచి చూసి, “ఏరా, పంపకాలు గానీ పెడుతున్నారా?” అంది. కాదని నచ్చజెప్పడానికి గంట పట్టింది.

పడమటి గది నాలుగు గోడలూ సరిగ్గా 12 అడుగులు. చతురస్రమని రాసేసుకున్నాను. రాత్రి గీస్తే పక్కగది గోడతో కలవదు. మర్నాడు మూలనుంచి మూలకి కొలిస్తే ఒకటి 16 అడుగుల 8 అంగుళాలు, ఇంకోటి 17 అడుగుల 3 అంగుళాలు. గది ఒక పక్కకి వాలి ఉంది! కర్ణాలు ఎందుకు కొలవాలో నాకు తెలిసింది అప్పుడే. ఇక మండువా. ప్లానులో అది కాగితం మధ్య ఖాళీ చతురస్రం, అంతే. సెక్షను గీయబోతే ప్రశ్నలు మొదలయ్యాయి. నాలుగు వైపులా పెంకు కప్పు లోపలికి వాలి ఉందే, ఆ నీరు ఎక్కడ పడుతుంది? చూరు స్తంభాన్ని దాటి ఎంత ముందుకొచ్చింది? అడుగు పైనే. అందుకే ధార వసారాలో కాక మండువాలో పడుతుంది. మండువా నేల వసారాకన్నా 9 అంగుళాలు పల్లం. నీరు పోయే తూము ఎటుందో కొలవడం మరిచిపోయి, నాయనమ్మని అడిగితే కూర్చున్నచోటునుంచే చెప్పింది. పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లో తిరిగాను, చెరిపి చెరిపి కాగితం పలచబడ్డాక గానీ దాన్ని చూడలేదు.

ఆ షీటుకి మార్కుల్లేవు. ఎవరూ అడగలేదు కూడా.

ఎలాగూ కంప్యూటరు వస్తుంది, చేత్తో గీయడం దండగ అనే మిత్రులున్నారు. కంప్యూటరు గీత అద్భుతంగానే గీస్తుంది. తల కొట్టుకునే మెట్లయినా అంత అద్భుతంగానూ గీస్తుంది. అక్కడ జి.టి.కి గాజుపలక కూడా అక్కర్లేదు, ఫైలు కాపీ చేస్తే చాలు.

అధ్యాపకులకు నా మనవి ఇది. ప్రథమ సంవత్సరం షీట్ల సంఖ్య సగానికి తగ్గించండి. ఆ సగంలో సగమైనా విద్యార్థి స్వయంగా కొలిచినవి కావాలి, అది ఇల్లే కానక్కర్లేదు, హాస్టలు మెట్లయినా సరే, కాంటీను అరుగయినా సరే. తన ఇంటి షీటు కింద పెట్టుకోవడానికి సీనియరు దగ్గర ఏముంటుంది? దిద్దేటప్పుడు ఎర్రసిరాతో పాటు రెండు ప్రశ్నలు కూడా అడగండి. మాసిన షీటు తెచ్చినవాడిమీద కాస్త దయ ఉంచండి.

కొత్త బ్యాచి మిత్రులకి ఒక మాట. 30 మీటర్ల టేపు నా గదిలో ఉంది. కావలసినవాళ్ళు పట్టుకెళ్ళవచ్చు. రెండో కొస పట్టుకోవడానికి మాత్రం మీ బాబాయిని మీరే వెతుక్కోవాలి.