నడవమని ఎవరికి చెబుతున్నారు?

ఏ ప్రభుత్వ ఆసుపత్రి గోడ మీద చూసినా ఒకటే పాఠం. ఉప్పు తగ్గించండి. నూనె తగ్గించండి. ఆందోళన మానుకోండి. రోజూ అరగంట నడవండి. బీపీ, షుగరు గురించి మన ఆరోగ్య వ్యవస్థ పల్లెటూరి స్త్రీలకు చెప్పే చదువంతా దాదాపు ఈ నాలుగు మాటల్లో అయిపోతుంది. బంటుమిల్లి, కృత్తివెన్ను, పెడన మండలాల్లో కూలి స్త్రీల మధ్య తిరిగేవాళ్లకు ఈ మాటలు వింటే ఒక ప్రశ్న రావాలి. ఇవి ఎవర్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి?

ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త దగ్గర ఒక ఫారం ఉంటుంది. ముప్పయ్యేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ అది నింపాలి. వయసెంత, పొగాకు అలవాటుందా, నడుం కొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా అని అందులో అడుగుతారు. వంట దేనిమీద చేస్తారు, పొగలో పనిచేస్తారా అనీ అడుగుతారు. అది మంచిదే. వారానికి కనీసం 150 నిమిషాలు శారీరక శ్రమ చేస్తారా అనే ప్రశ్న కూడా ఉంది. ఊడ్పుల రోజుల్లో కోడి కూయకముందే లేచి, ఇంటి చాకిరీ ముగించి, మోకాటి లోతు బురదలో నడుం వంచి నాట్లు వేసే మనిషికి ఆ 150 నిమిషాలు మొదటి పూటలోనే అయిపోతాయి. రోజుకు ఎన్ని గంటలు వంగి పనిచేస్తున్నావు, మధ్యాహ్నం అన్నం ఎన్నింటికి తింటున్నావు, నువ్వు తినేవేళకు గిన్నెలో కూర మిగులుతోందా, ఒళ్లు నొప్పులకు వారానికి ఎన్ని బిళ్ళలు మింగుతున్నావు అని ఆ ఫారం అడగదు. అడగని కష్టం లెక్కలోకి రాదు. లెక్కలోకి రానిదానికి వైద్యం ఉండదు.

ఈ జబ్బులు కూర్చుని తినేవాళ్ల జబ్బులనే భ్రమ ఇప్పటికీ పోలేదు. ఇరవయ్యేళ్ల కిందటే దీనికి జవాబు దొరికింది. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాదిపాటు జరిగిన ప్రతి చావుకూ కారణం ఏమిటని పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగి విచారించారు. మొత్తం 1,354 మరణాలు. అందులో నూటికి 32 గుండెజబ్బులు, పక్షవాతం వంటి రక్తప్రసరణ జబ్బుల వల్ల వచ్చినవి. అంటువ్యాధుల వాటా నూటికి 12 మాత్రమే. అది మనకు ఉప్పుటేరు అవతలి డెల్టా. అక్కడి పంటలు, తిండి, కూలి బతుకు మన బతుకు లాంటివే. ఆ తర్వాత 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటిన ప్రతి నలుగురు స్త్రీలలో ఒకరికి బీపీ ఉందని తేల్చింది. సుమారు ప్రతి అయిదుగురిలో ఒకరికి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు. అదే సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. రక్తం చాలని ఒంట్లోనే బీపీ, షుగరు కూడా ఉంటున్నాయి. ఇది తిండి ఎక్కువై వచ్చిన జబ్బు అని ఎవరనగలరు?

ఇప్పుడు గోడ మీది పాఠాన్ని ఒక్కొక్క మాటగా చూద్దాం.

ఉప్పు తగ్గించమంటారు. నిజమే, తగ్గిస్తే బీపీ తగ్గుతుంది. కానీ ఇంట్లో ఉప్పు ఎక్కువ తినేదెవరు? మగవాళ్లు, పిల్లలు, అత్తమామలు తిన్నాక ఆఖరున కూర్చునే ఆడమనిషికి కూర ఉండదు. ఆవకాయో, ఎండు చేపల ముక్కో, చింతకాయ పచ్చడో నంజుకుని అన్నం తింటుంది. ఆమె కంచంలోని ఉప్పుకు కారణం ఆమె అజ్ఞానం కాదు. ఇంట్లో తిండిని పంచే పద్ధతి. అన్నం తగ్గించి కూరగాయలు, పప్పులు ఎక్కువ తినమంటారు. రేషను కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోల బియ్యం వస్తాయి. కూరగాయలు కొనుక్కోవాలి. పాఠం చెప్పే శాఖ ఒకటి, బియ్యం ఇచ్చే శాఖ మరొకటి. రెండూ ఎప్పుడూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవు.

సారా, బ్రాందీ మానమని మగవాళ్లకు చెబుతారు. 2019 అక్టోబరు నుంచి అయిదేళ్లపాటు మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరు నుంచి ప్రైవేటువాళ్లకు లైసెన్సులిచ్చింది. రెండు పద్ధతుల్లోనూ ఖజానాకు రాబడి వస్తూనే ఉంది. తాగుడు మాన్పించే బాధ్యత మాత్రం భార్య మీద వేసి, ‘నువ్వు నచ్చజెప్పమ్మా’ అంటారు.

ఇక చెప్పవలసి ఉండీ చెప్పనివి ఉన్నాయి. నాట్లకూ, కలుపుకూ, మినుము తీతకూ, రొయ్యల పనికీ పోయే స్త్రీలు ఒళ్లు నొప్పులకు బిళ్ళలు వేసుకుంటూ పని లాగిస్తారు. చిల్లర కొట్లోనూ దొరుకుతాయి, ఆర్‌.ఎం.పి. దగ్గరా దొరుకుతాయి. చాలా రకాల నొప్పి బిళ్ళలు రోజూ వాడితే బీపీ పెంచుతాయి, బీపీ మందును పని చేయనివ్వవు, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. షుగరుతో పాదాలు మొద్దుబారిన మనిషికి బురదలో గాజుపెంకు గుచ్చుకున్నా, నత్తగుల్ల కోసినా తెలియదు. తెలిసేసరికి పుండు ముదిరి వేలో పాదమో తీసేయవలసి వస్తుంది. కూలి స్త్రీకి పాదం పోవడమంటే బతుకుతెరువు పోవడమే. నడవమని చెప్పే పాఠంలో ఆ నడిచే పాదాల గురించి ఒక్క ముక్క ఉండదు.

ఇలాంటి ప్రచారం వల్ల ఏమైనా ఫలితం ఉంటుందా అన్నది కూడా మన తెలుగు పల్లెల్లోనే పరీక్షకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో గుండెజబ్బుల నివారణ మీద 44 ఊళ్లలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2012లో వెలువడ్డాయి. కొన్ని ఊళ్లలో పోస్టర్లు, వీధి నాటకాలు, ర్యాలీలు, సభలతో ప్రచారం చేశారు. మరికొన్ని ఊళ్లలో డాక్టరు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, ఒక క్రమపద్ధతిలో ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లను గుర్తించమన్నారు. ప్రచారం జరిగిన ఊళ్లలో జనానికి తెలిసిన విషయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కార్యకర్తలకు శిక్షణ ఇచ్చినచోట మాత్రం రోగులను గుర్తించడం మెరుగుపడింది.

గుర్తిస్తే సరిపోతుందా? దానికీ జవాబుంది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చి, ప్రమాదంలో ఉన్నవాళ్లను కనిపెట్టి డాక్టరు దగ్గరకు పంపించే ప్రయోగం చేశారు. 2019లో ఫలితాలు ప్రకటించారు. డాక్టరు దగ్గరకు వెళ్లినవాళ్లు పెరిగారు. కానీ బీపీ అదుపులోకి వచ్చినవాళ్లు ట్యాబ్‌లిచ్చిన చోటా, ఇవ్వని చోటా ఒకే తీరుగా నూటికి 40 మంది దగ్గరే ఉన్నారు. ఆశా కార్యకర్త తన పని తాను చేసింది. ఆమె పంపించిన చోట డాక్టరు ఉండాలి, మందు ఉండాలి, ఆ మందు నెలనెలా అందాలి. అది ఆమె చేతిలో లేదు.

మందు నెలనెలా అందడం అసాధ్యమా? కాదు. 2017లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి అయిదు రాష్ట్రాల్లో మన పక్కనున్న తెలంగాణ ఒకటి. అందరికీ ఒకే తేలికైన చికిత్సా పద్ధతి, 30 రోజుల మందు ఒకేసారి, ఇంటికి దగ్గర్లో పరీక్ష, రోగి పేరున కార్డు. ఆ కార్యక్రమంలో ఉన్నదింతే. 2022లో దానికి ఐక్యరాజ్య సమితి సంస్థల పురస్కారం వచ్చింది. ఇందులో కొత్త యంత్రం లేదు, ఖరీదైన మందు లేదు. ఆమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్ పేటెంటు లేని చవక బిళ్ళలు.

మన రాష్ట్రంలోనూ ప్రయత్నాలు జరగలేదని కాదు. 2020 జులై 1న 1,088 కొత్త 108, 104 వాహనాలను ప్రారంభించారు. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టరు పథకం పేరుతో నెలకు రెండుసార్లు డాక్టరు ఊరికి రావాలన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఇవన్నీ అవసరమైనవే. కానీ డాక్టరు ఊరికి వచ్చే వేళకు కూలి స్త్రీ ఎక్కడుంటుంది? చేలో ఉంటుంది. పరీక్షకు ఆగితే ఆ రోజు కూలి పోతుంది, మేస్త్రీ మర్నాటి ముఠాలో పేరు తీసేస్తాడు. ఊళ్లో మందు దొరక్కపోతే గుడివాడకో బందరుకో పోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఛార్జీ లేదు. సంతోషం. పోయిన కూలి ఎవరిస్తారు? అందుకే ఆమె మందు ఆపేస్తుంది. తల తిరగనంతకాలం బాగానే ఉన్నాననుకుంటుంది. డాక్టరు కేసు కాగితం మీద ‘మందు సరిగా వాడలేదు’ అని రాస్తాడు. తప్పు ఆమె ఖాతాలో పడుతుంది.

బంటుమిల్లి ప్రాంత రైతుకు శివారు భూమి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. కాలువకు నీళ్లు వదిలినట్టు పైన రికార్డు ఉంటుంది, ఇక్కడ చేను ఎండుతూ ఉంటుంది. మందుల సంగతీ అంతే. పైన ఇండెంట్లు, సరఫరాలు, పంపిణీలు అన్నీ రికార్డయి ఉంటాయి. శివారు పల్లెలో, ఆ పల్లెకూ శివారైన వాడలో, ఆ వాడలో ఆఖరున తినే ఆడమనిషికి ఆ బిళ్ళ చేరిందా అన్న లెక్క ఏ రికార్డులోనూ ఉండదు.

దీని వెనక ఇంకో పాత జబ్బు ఉంది. మన ప్రభుత్వాల దృష్టిలో స్త్రీ ఆరోగ్యమంటే గర్భసంచే. పెళ్లయిన నాటి నుంచి కుటుంబ నియంత్రణ ఆపరేషను దాకా ఆమె పేరు రిజిస్టరులో ఉంటుంది. ఆపరేషను అయ్యాక ఆ శ్రద్ధ పోతుంది. బీపీ, షుగరు మొదలయ్యేది సరిగ్గా ఆ తర్వాతే. పైగా గర్భసంచి తీసేసిన స్త్రీలు మన రాష్ట్రంలో చాలా ఎక్కువ. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి 3 మందికి జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మందికి జరిగింది. చిన్న వయసులో గర్భసంచి, అండాశయాలు పోతే గుండెజబ్బు ప్రమాదమూ, ఎముకలు గుల్లబారడమూ పెరుగుతాయి. ఆపరేషను చేసిన ఆసుపత్రి ఈ మాట చెప్పదు. గోడ మీది పోస్టరూ చెప్పదు.

డబ్బు ఎటు పోతోందో చూసినా ఇదే తీరు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేరు మారుతూ వచ్చినా, ప్రధానంగా డబ్బు కట్టేది ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. 2024 జులై నుంచి పక్షవాతంతో మంచాన పడినవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ప్రకటించారు. ఆ పింఛను ఇవ్వవలసిందే, ఒక్క రూపాయి తగ్గించడానికి వీల్లేదు. అయితే మనిషి పడిపోయాక నెలకు 15,000 ఇవ్వగలిగిన ప్రభుత్వం, పడిపోకుండా ఆపే బిళ్ళను నెలనెలా ఊళ్లో ఎందుకు ఉంచలేదు? మగవాడు పడిపోతే భార్య కూలి మానేసి అతని మలమూత్రాలెత్తుతుంది. ఆమె పడిపోతే కూతురు చదువు మానేస్తుంది. ఆ చాకిరీకి ఏ పద్దులోనూ లెక్క లేదు.

ఈ భారమంతా మోసే ఆశా కార్యకర్త సంగతి కూడా చెప్పాలి. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైన ఈ వ్యవస్థలో ఆమెను ఇప్పటికీ కార్మికురాలిగా గుర్తించలేదు. ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. సర్వేలు, యాప్‌లు, ఫోటోలు అన్నీ ఆమె మీదే. బీపీ ఉందని చెప్పి, మందు లేదని కూడా ఆమే చెప్పాలి. తిట్లు తినేదీ ఆమే.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులతో ఒక మాట. అవగాహన సదస్సుకు నిధులు సులువుగా దొరుకుతాయి. బ్యానరు, ఫోటో, హాజరు పట్టీ ఉంటే నివేదిక పూర్తవుతుంది. మందు అందలేదని నిలదీసే పనికి నిధులివ్వడానికి ఎవరూ ముందుకు రారు. అందువల్లనే సదస్సులు పెరిగి, నిలదీయడం తగ్గింది. చదువు వద్దని మనం అనడం లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ కష్టం గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటలు సారా కొట్టు మూయించడం దాకా, వేలం పాటలు ఆపించడం దాకా వెళ్లాయి. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం దాన్ని సడలించింది. అయినా చదువు ఎక్కడ మొదలై ఎక్కడికి పోవాలో ఆ స్త్రీలు చూపించారు. షుగరు గురించిన చదువు కూడా ‘నీ అలవాట్లు మార్చుకో’ అన్న దగ్గర ఆగకుండా, ‘ఈ నెల మందు ఎందుకు రాలేదు’ అని అడిగే దగ్గరకు రావాలి.

కాబట్టి మన కోర్కెలు ఇవి. బీపీ, షుగరు ఉన్న ప్రతి ఒక్కరికీ 30 రోజుల మందు వాళ్ల ఊళ్లోనే, నిర్ణయించిన తేదీన, కూలివాళ్లు ఇంటి దగ్గరుండే వేళ ఇవ్వాలి. మందు నిండుకుంటే ఏ మందు, ఏ రోజు నుంచి లేదో క్లినిక్ ముందు బోర్డు మీద రాయాలి. ఎంతమందికి పరీక్ష చేశారన్న అంకెతో ఊరుకోకుండా, ఎంతమందికి మందు అందింది, ఎంతమందికి అదుపులోకి వచ్చింది అనే లెక్కను స్త్రీలకూ పురుషులకూ విడివిడిగా గ్రామసభలో చదవాలి. షుగరు ఉన్నవాళ్ల పాదాలను నెలనెలా పరీక్షించాలి. నొప్పి బిళ్ళల ప్రమాదం గురించి ప్రతి ఊళ్లో చెప్పి, నొప్పులకు సరైన వైద్యం చూపించాలి. గర్భసంచి ఆపరేషన్ల మీద జిల్లావారీగా విచారణ జరగాలి. పక్షవాతం వచ్చినవాళ్లకు ఇంటి దగ్గర వ్యాయామ చికిత్స, వాళ్లను చూసుకునే మనిషికి కూలి నష్టపరిహారం ఇవ్వాలి. ఆశా కార్యకర్తలను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం చెల్లించాలి.

వచ్చే గ్రామసభకు సంఘాల సభ్యులందరూ తమ మందుల కార్డులు పట్టుకుని వెళ్లాలి. కార్డు మీద ఖాళీగా ఉన్న ప్రతి నెలనూ పైకి చదివి, జవాబు రాతపూర్వకంగా అడగాలి.